ఉమ్మడి స్విచ్‌కు ఒక నీరటి కావాలి

గౌరవనీయులైన సంపాదకులు గారికి,

నమస్కారం. ఈ వేసవిలో ఒకరోజు హనుమకొండలోని ఒక పెద్ద ఆసుపత్రిలో ఉదయం పదకొండు గంటల వేళ ఓపీ చీట్లు ఇచ్చే కంప్యూటర్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. పరకాల, ములుగు, నర్సంపేట వైపు నుంచి తెల్లవారకముందే బస్సెక్కి వచ్చిన రోగులు నాలుగు గంటలపాటు వరుసలోనే ఉండిపోయారు. చంకలో బిడ్డతో వచ్చిన ఒక తల్లి గోడకు ఆనుకుని కూర్చుని, చీటీ ఎప్పుడిస్తారని వచ్చిపోయే ప్రతి ఒక్కరినీ అడగడం నేను కళ్లారా చూశాను. ఆ సంస్థ పేరు నేను రాయడం లేదు. జరిగిన లోపం ఆ ఒక్క చోటుకే పరిమితమైతే వారికే చెప్పి ఊరుకునేవాడిని. కానీ గత కొన్నేళ్లలో నేను చూసిన కళాశాలల్లో, కార్యాలయాల్లో అనేకచోట్ల అదే లోపం, అంటే అన్ని విభాగాలూ కలిసి వాడే నెట్‌వర్క్ యంత్రానికి బాధ్యులంటూ ఎవరూ లేకపోవడం, కనిపించింది కాబట్టి దీన్ని మీ పత్రిక ద్వారా అందరి దృష్టికి తేవాలని అనుకుంటున్నాను.

నేను టెలికాం శాఖలోనూ, 2000 అక్టోబరు 1న దాని సేవలు బీఎస్‌ఎన్‌ఎల్‌కు మారిన తరువాత అందులోనూ టెలిఫోన్ ఎక్స్ఛేంజీల నిర్వహణలో పనిచేసి, 2020 జనవరి 31న స్వచ్ఛంద పదవీ విరమణ చేశాను. అప్పటి నుంచి తెలిసినవారు పిలిచినప్పుడు వెళ్లి వారి నెట్‌వర్క్ గదులు చూసి వస్తున్నాను. ఆ రోజు కూడా అలా పిలిస్తేనే వెళ్లాను.

విషయం అర్థం కావాలంటే ముందు ఆ యంత్రం గురించి కొంత చెప్పాలి. కంప్యూటర్లను తీగలతో ఒకదానితో ఒకటి కలిపేది నెట్‌వర్క్ స్విచ్. చిన్న కార్యాలయంలో అది బల్ల మీద పెట్టుకునే ఒక చిన్న పెట్టె. పాడైతే తీసేసి ఇంకొకటి పెడతారు. వందల కంప్యూటర్లు, ఫోన్లు, కెమెరాలు ఉండే చోట అది చాలదు. అక్కడ ఛాసిస్ అనే పెద్ద ఇనుప చట్రాన్ని ర్యాక్‌లో బిగించి, దాని స్లాట్లలో, అంటే అరల్లో, వేరువేరు కార్డులను దూరుస్తారు. మనుషుల కంప్యూటర్లకు, ఫోన్లకు వైర్లు వెళ్లేవి లైన్ కార్డులు. మొత్తాన్ని నడిపించేది సూపర్‌వైజర్ కార్డు. వీటన్నిటికీ విద్యుత్తునిచ్చే పవర్ సప్లైలు, గాలి ఆడించే ఫ్యాన్ ట్రే, కార్డులన్నిటినీ వెనకనుంచి కలిపే బ్యాక్‌ప్లేన్ మాత్రం ఉమ్మడి. సిస్కో సంస్థ 1999లో తెచ్చిన క్యాటలిస్ట్ 6500 శ్రేణి ఇలాంటిదే. 2017లో వచ్చిన క్యాటలిస్ట్ 9400 శ్రేణిలో నాలుగు, ఏడు, పది స్లాట్ల చట్రాలు ఉన్నాయి. ఒక కార్డు పాడైతే మిగతావాటిని ఆపకుండానే దాన్ని ఊడదీసి కొత్తది పెట్టవచ్చు, అవసరం పెరిగితే ఖాళీ స్లాట్‌లో ఇంకొకటి చేర్చవచ్చు. ఈ సౌకర్యం కోసమే లక్షలు పోసి కొంటారు.

అసలు చిక్కు కూడా ఆ సౌకర్యంలోనే మొదలవుతుంది. చట్రాన్ని ఒకరు కొంటారు, మొదటి రెండు కార్డులు ఒక విభాగం నిధులతో వస్తాయి, మూడోది మరో విభాగం తన బడ్జెట్‌లోంచి తెచ్చుకుంటుంది. ఏ కార్డుకు ఎవరు యజమానో కాగితం మీద ఉంటుంది. ఆ కార్డులన్నీ తాగే కరెంటుకు, పీల్చే గాలికి, వాటిని నడిపే సూపర్‌వైజర్‌కు యజమాని ఎవరో మాత్రం ఎక్కడా రాసి ఉండదు.

ఆ ఆసుపత్రిలో జరిగింది సరిగ్గా ఇదే. ఆ చట్రంలో ఒక్కొక్కటి 3,000 వాట్ల పవర్ సప్లైలు రెండు ఉన్నాయి. చట్రం, సూపర్‌వైజర్లు, ఫ్యాన్లు, కార్డులు కలిసి తమకోసం తీసుకునేది దాదాపు 1,400 వాట్లు. దీనికి తోడు నెట్‌వర్క్ తీగ ద్వారానే ఫోన్లకు, వై-ఫై పెట్టెలకు, కెమెరాలకు కరెంటు పంపే పద్ధతి ఒకటి ఉంది. 2003లో వచ్చిన తొలి ప్రమాణం ప్రకారం ఒక్కో పోర్టుకు, అంటే తీగ దూర్చే ఒక్కో గడికి, 15.4 వాట్లు, 2009 నాటి ప్రమాణం ప్రకారం 30 వాట్లు ఇవ్వవచ్చు. 2018 ప్రమాణంతో అది 90 వాట్ల దాకా పెరిగింది. ఆసుపత్రిలో ఓపీ విభాగానికి, వార్డులకు ఉన్న రెండు కార్డులు పాత ప్రమాణానివి. ఒక్కో కార్డుకు 48 పోర్టులు, అంటే ఒక్కో కార్డుకు 739 వాట్లు. అన్నీ కలిపితే 2,878 వాట్లు. ఒక పవర్ సప్లై పూర్తిగా చచ్చిపోయినా రెండోది ఆ భారాన్ని మోయగలదు. చట్రాన్ని మొదట బిగించినవారు ఈ లెక్క చూసే, రెండు సప్లైలనూ రిడండెంట్ పద్ధతిలో, అంటే ఒకటి పోతే ఒకటి ఆదుకునేలా అమర్చి వెళ్లారు. వారి పని మంచి పని.

తరువాత భద్రతా విభాగం కెమెరాల కోసం 48 పోర్టుల కొత్త కార్డు కొనుక్కుంది. పోర్టుకు 30 వాట్ల లెక్కన యంత్రం దానికి పక్కన పెట్టాల్సిన కరెంటు 1,440 వాట్లు. మొత్తం 4,318 వాట్లకు చేరింది. ఒక్క సప్లై ఇచ్చే 3,000 వాట్లు చాలవు కాబట్టి కార్డు మొదట లేవలేదు. బిగించడానికి వచ్చిన కుర్రవాడు ఏం చేయాలి? రెండు సప్లైలనూ కంబైన్డ్ పద్ధతికి, అంటే రెండింటి శక్తినీ కలిపి వాడుకునే పద్ధతికి మార్చాడు. కెమెరాలు వెలిగాయి, సంతకం పెట్టించుకుని వెళ్లిపోయాడు. అతను అబద్ధమేమీ చెప్పలేదు. రెండో సప్లై ఆ రోజు నుంచి ఆపద్ధర్మంగా ఉన్నది కాకుండా రోజువారీ అవసరంగా మారిపోయిందని చెప్పడానికి అతనికి ఎదురుగా ఎవరూ లేరు, అంతే.

మే నెల ఎండలో, ఏసీ పనిచేయని గదిలో, దుమ్ముతో ఫ్యాన్ బిగుసుకుపోయి ఒక సప్లై ఆగిపోయింది. మిగిలింది 3,000 వాట్లు, అవసరం 4,318. యంత్రం ఎవరికో ఒకరికి కోత పెట్టక తప్పదు. ఏది ముఖ్యమో, ఏది కాదో ఎవరూ దానికి చెప్పలేదు. అది తన సొంత క్రమంలో ఓపీ, వార్డుల కార్డుల నుంచి వెళ్లే కరెంటును ఆపేసి భారాన్ని 2,840 వాట్లకు దించుకుంది. కెమెరాలు చక్కగా పనిచేస్తూ, వరుసలో నిలబడిన రోగులను చిత్రీకరిస్తూనే ఉన్నాయి. ఓపీ కౌంటర్లలో వైర్లు ఆదా చేయడానికి కంప్యూటర్లను నెట్‌వర్క్ ఫోన్ల వెనకనుంచి కలిపారు. ఫోన్‌కు కరెంటు పోగానే దాని వెనకున్న కంప్యూటర్‌కు నెట్‌వర్క్ కూడా పోయింది. అందువల్ల మొదటి రెండు గంటలు అందరూ కంప్యూటర్లనే అనుమానించి, ఆపి మళ్లీ వేస్తూ గడిపారు. యంత్రమున్న గది తాళం ఒకరి దగ్గర, పాస్‌వర్డ్ ఉద్యోగం మానేసి వెళ్లిన మరొకరి దగ్గర ఉన్నాయి.

నేను వెళ్లి చూసిన తరువాత పది నిమిషాల్లో చేయగలిగిన మార్గం ఒకటి కనిపించింది. కెమెరాల కార్డుకు కేటాయించిన కరెంటును తాత్కాలికంగా ఆపితే భారం 2,878 వాట్లకు దిగుతుంది, ఓపీ నడుస్తుంది. ఆ మాట చెప్పగానే భద్రతా విభాగం వారు ఒప్పుకోలేదు. ఆ కార్డు తమ నిధులతో కొన్నదని, తమ పైఅధికారి రాసి ఇస్తేనే ముట్టుకోనిస్తామని అన్నారు. వారిని తప్పుపట్టలేను. కెమెరాలు ఆగిన గంటలో ఏదైనా దొంగతనం జరిగితే సంజాయిషీ ఇవ్వాల్సింది వారే. ఓపీ బాధ్యులు తమ కార్డులు ముందు వచ్చాయని వాదించారు. ఇద్దరి మాటా న్యాయమే. ఇద్దరికీ పైన, ఆ చట్రం మొత్తం గురించి నిర్ణయం చెప్పగలిగిన మూడో మనిషి లేకపోవడం వల్ల మరో రెండు గంటలు గడిచాయి. నాకు ఇప్పటికీ బాధ కలిగించేది ఆ రెండు గంటలే.

మన ప్రాంతంవారికి ఈ సమస్య కొత్తదేమీ కాదని నా నమ్మకం. కాకతీయుల కాలం నుంచి చెరువుల మీద బతికిన నేల ఇది. చెరువు కింద ఎవరి మడి వారిది, ఎవరి పంట వారిది. కట్ట, తూము, అలుగు మాత్రం ఊరందరివీ. ఎవరికి తోచినప్పుడు వారు తూము ఎత్తుకుంటే చివరి మడికి నీరందదని తెలిసే మన పెద్దలు నీరటిని పెట్టుకున్నారు. తూము ఎత్తడం, దించడం అతని చేతిలో ఉండేది. ఎంత పెద్ద రైతైనా వంతు ప్రకారమే నీళ్లు తీసుకునేవాడు. నీరు తక్కువైన ఏడు ఏ మడికి తడి ఇవ్వాలో, దేన్ని బీడు వదలాలో ఊరంతా కూర్చుని ముందే అనుకునేవారు. కరువు వచ్చాక తూము దగ్గర పోట్లాడుకునేవారు కాదు. నీరటికి పంటలో వాటా ఇచ్చేవారు, అంటే ఆ పని ఊరికి ఎంత అవసరమో గుర్తించారు. ఈ ఉమ్మడి చట్రానికి కావలసిన ఏర్పాటు కూడా ఇదే.

కాబట్టి ఉమ్మడి చట్రమున్న ప్రతి సంస్థ ఒక వ్యక్తిని లిఖితపూర్వకంగా దానికి బాధ్యుడిగా నియమించాలి. అతను లేని రోజున ఎవరు చూస్తారో కూడా అదే ఉత్తర్వులో ఉండాలి. ఏ విభాగం నిధులతో కొన్న కార్డైనా అతనికి తెలియకుండా స్లాట్‌లోకి వెళ్లకూడదు. ఆపద వచ్చినప్పుడు ఏ కార్డు ముందు ఆగాలో, ఏది చివరిదాకా నిలబడాలో విభాగాధిపతులు ప్రశాంతంగా ఉన్న రోజునే కూర్చుని నిర్ణయించి, ఆ క్రమాన్ని యంత్రంలో నమోదు చేయించాలి. ఈ యంత్రాలు అలాంటి ప్రాధాన్యాన్ని స్వీకరిస్తాయి, చెప్పేవారే లేరు.

కార్డుల వివరాలు రాసి ఉంచే రిజిస్టరు గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే దీన్ని అందరూ చిన్న పనిగా చూస్తారు. మా ఎక్స్ఛేంజీల్లో ప్రతి కార్డుకూ ఒక వరుస ఉండేది. 1984లో ఏర్పడిన ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీ-డాట్ రూపొందించిన గ్రామీణ ఎక్స్ఛేంజీలు ఏసీ లేకుండానే పల్లెల్లో పనిచేసేవి. 256 పోర్టుల ఎక్స్ఛేంజీలో నియంత్రణ కార్డులు జంటగా ఉండి, ఒకటి పనిచేస్తుంటే రెండోది సిద్ధంగా కాచుకుని ఉండేది. ఏ కార్డు ఏ స్లాట్‌లో ఉంది, ఎప్పుడు మార్చాము, పాడైనది మరమ్మతుకు ఏ తేదీన వెళ్లింది, తిరిగి వచ్చిందా లేదా అన్నది చేత్తో రాసి ఉంచేవాళ్లం. ఇప్పుడు అంత శ్రమ కూడా లేదు. చట్రంలో ఏ స్లాట్‌లో ఏముందో, దాని సీరియల్ నంబర్ ఏమిటో, ఏ భాగం దేని లోపల ఉందో యంత్రమే చెప్పే పద్ధతిని ఎంటిటీ మిబ్ అనే పేరుతో 1996లోనే ప్రమాణంగా రాశారు, 2013లో దాన్ని ఆర్‌ఎఫ్‌సీ 6933 అనే ఇంటర్నెట్ ప్రమాణ పత్రంగా సవరించారు. యంత్రం చెప్పిన జాబితాను, స్టోర్ రిజిస్టరును పక్కపక్కన పెట్టి చూడటానికి అరగంట చాలు. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017 యంత్రాల వంటి స్థిర ఆస్తులను కనీసం ఏడాదికి ఒకసారి సరిచూడాలని చెబుతోంది. అయితే చూసేవారు ర్యాక్‌ను ఒక వస్తువుగా లెక్కపెట్టి సంతకం చేస్తున్నారు. లోపలి ప్రతి కార్డునూ, ప్రతి పవర్ సప్లైనూ విడి వస్తువుగా లెక్కించాలి. ఆ ఆసుపత్రిలో పాడైన సప్లై మొదట వచ్చినది కాదు, మధ్యలో ఎప్పుడో మార్చినది. దాని నంబర్ ఏఎంసీ (వార్షిక నిర్వహణ ఒప్పందం) కాగితంలో లేకపోవడం వల్ల కొత్తది పంపడానికి ఒక రోజంతా ఉత్తరాలు నడిచాయి.

స్లాట్లకు చీటీలు అంటించడం కూడా ఇందులో భాగమే. నంబర్లు పైనుంచి లెక్కపెట్టాలా కిందినుంచా అన్న సందేహంతో, పాడైన కార్డుకు బదులు పనిచేస్తున్న కార్డును లాగేసిన సందర్భం నేనే ఒక కళాశాలలో చూశాను. సర్వర్లను బ్లేడ్లుగా, అంటే పలుచని పలకల్లా, అమర్చే చట్రాల్లో ఈ పొరపాటు ఇంకా ఖరీదైనది. ఉదాహరణకు హెచ్‌పీ సీ7000 చట్రంలో ముందువైపు 16 సర్వర్లు, వెనకవైపు స్విచ్‌ల కోసం 8 గడులు ఉంటాయి. వెనకనుంచి ఒక స్విచ్‌ను లాగితే ముందున్న ప్రతి సర్వర్‌కూ ఒక దారి మూసుకుపోతుంది. రెండో దారి సరిగ్గా అమర్చి ఉందో లేదో చూసుకోకుండా చేయి పెట్టకూడదు.

గాలి, దుమ్ము విషయం. ఖాళీ స్లాట్లకు మూత పలకలు తప్పనిసరిగా బిగించి ఉంచాలి. మూత లేకపోతే ఫ్యాన్లు తోసే గాలి కార్డుల మీదుగా పోకుండా తేలికైన దారిలో బయటికి పోతుంది, నిండిన స్లాట్లు వేడెక్కుతాయి. బల్లులు దూరుతాయి. కొన్ని చట్రాల్లో గాలి పక్కనుంచి పక్కకు వెళ్తుంది కాబట్టి గోడకు ఆనించి పెట్టకూడదు. గ్రానైట్ క్వారీల దుమ్ము, వేసవిలో 44 డిగ్రీల ఎండ ఉండే మన జిల్లాల్లో ఏసీ గది అంటే అధికారి గది మాత్రమే అనుకోవడం మానాలి. 2023 జులైలో వానలకు హనుమకొండలోని అనేక కాలనీల్లోకి నీళ్లు వచ్చిన సంగతి మనమెవరమూ మరచిపోలేదు. అయినా నెట్‌వర్క్ ర్యాక్‌ను సెల్లార్‌లో పెట్టే సంస్థలు ఇంకా ఉన్నాయి.

సూపర్‌వైజర్ కార్డులు రెండు ఉన్నాయి కదా అనే ధీమా కూడా పనికిరాదు. రెండింటిలోనూ ఒకే సాఫ్ట్‌వేర్ ఉంటేనే ఒకటి పోయినప్పుడు రెండోది పనిని అతుకు తెలియకుండా అందుకుంటుంది. ఒకదాన్ని నవీకరించి రెండోదాన్ని వదిలేస్తే, అవసరమైన రోజున లైన్ కార్డులన్నీ మొదటినుంచి మళ్లీ లేవాల్సి రావచ్చు. ఏడాదికి ఒకసారైనా, ఒక ఆదివారం రాత్రి, ముందుగా అందరికీ తెలియజేసి, ఒక సూపర్‌వైజర్‌ను, ఆపై ఒక పవర్ సప్లైను కావాలనే ఆపి చూడాలి. ఆ ఆసుపత్రిలో కెమెరాల కార్డు వచ్చిన వారంలో ఈ పరీక్ష ఒక్కసారి చేసి ఉంటే లోపం ఆ రాత్రే బయటపడేది.

యంత్రం తనలో జరిగినవాటిని రాసుకునే లాగ్‌ల సంగతి కూడా చెప్పాలి. 2022 ఏప్రిల్ 28న కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం సంస్థలు తమ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి, గడియారాలను నిర్ణీత ప్రభుత్వ సమయ సర్వర్లతో సరిపోల్చి ఉంచాలి. మేము చూసిన చట్రంలో గడియారం తప్పుగా ఉంది, లాగ్‌లు మరెక్కడికీ వెళ్లడం లేదు. ఆ సప్లై ఫ్యాన్ గురించి యంత్రం అంతకుముందే హెచ్చరికలు రాసింది, వాటిని చదివిన మనిషి లేడు.

కొనుగోలు చేసే అధికారులకు ఒక విన్నపం. టెండరులో చట్రం, కార్డుల ధరతోపాటు విడి పవర్ సప్లై ఒకటి, ఫ్యాన్ ట్రే ఒకటి, మూత పలకలు కూడా రాయించండి. కొత్త కార్డు కొనే ప్రతి ఫైలులో, ఆ కార్డు చేరిన తరువాత ఒక్క సప్లై మీద చట్రం నిలబడుతుందా అన్న లెక్కను ఒక పేజీగా జతచేయమని అడగండి. లెక్క లేని ఫైలును వెనక్కి పంపండి. హైదరాబాద్ మనకు దాదాపు 145 కిలోమీటర్లే అయినా, అక్కడినుంచి ఒక సప్లై వచ్చేలోపు ఒక రోజు పోతుంది. వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ ప్రాంతాల్లో ఒకే రకం చట్రాలు వాడే ప్రభుత్వ సంస్థలు కలిసి విడిభాగాలను ఒకచోట ఉంచుకుంటే ఖర్చు పంచుకోవచ్చు, కొన్ని గంటల్లో భాగం చేరుతుంది. టెలికాం శాఖలో అలాగే నడిచింది, మళ్లీ నడవగలదు. తీసేసిన పాత కార్డులను తుక్కువాళ్లకు తూకానికి అమ్మడం మాత్రం ఆపాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాలు వాటిని నమోదైన ఉత్పత్తిదారులకు, బాగుచేసేవారికి లేదా రీసైక్లర్లకే ఇవ్వాలంటున్నాయి. పాత సూపర్‌వైజర్ కార్డులో సంస్థ పాస్‌వర్డులు, నెట్‌వర్క్ వివరాలు అలాగే ఉండిపోతాయి కాబట్టి, వాటిని చెరిపిన తరువాతే గది దాటించాలి.

మన పాలిటెక్నిక్‌లలో, ఐటీఐలలో చదివే పిల్లలు కంప్యూటర్ విప్పి బిగించడం నేర్చుకుంటున్నారు గానీ, ఒక నిజమైన చట్రంలోంచి కార్డు ఎలా తీయాలో చూసినవారు తక్కువ. మణికట్టుకు స్టాటిక్ పట్టీ కట్టుకోవడం, రెండు చివరల మీటలను ఒకేసారి వదులు చేయడం, కార్డును వంకర పోకుండా పట్టాల మీద లాగడం చేత్తో చేస్తేనే వచ్చే పనులు. వాడుకలోంచి తీసేసిన చట్రాన్ని తుక్కుకు పంపేముందు ఒక పాలిటెక్నిక్‌కు ఇస్తే, ఆ పిల్లలే రేపు ఈ ఉమ్మడి చట్రాలకు నీరటులవుతారు. అలా ఇవ్వదలచిన సంస్థ ఏదైనా ఉంటే, బిగించి చూపించడానికి, వారానికి రెండు పూటలు వచ్చి నేర్పడానికి నేను సిద్ధంగా ఉన్నాను. నాతోపాటు పదవీ విరమణ చేసిన మరో ఇద్దరు మిత్రులు కూడా వస్తామన్నారు. ఇందుకు ఏ పారితోషికమూ అవసరం లేదు.

ఆ ఆసుపత్రి యాజమాన్యం గత వారం ఒక ఉద్యోగిని చట్రానికి బాధ్యురాలిగా నియమిస్తూ ఉత్తర్వు ఇచ్చింది. మూడో పవర్ సప్లైకి ఆర్డరు పెట్టారు. అది వచ్చేదాకా కెమెరాలన్నిటినీ వేరే స్విచ్ మీదికి మార్చి, రెండు సప్లైలనూ తిరిగి రిడండెంట్ పద్ధతిలో పెట్టారు.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలికాం ఉద్యోగి,
హనుమకొండ